దిగువ రేవు పెళ్ళికొడుకు

పొద్దున్నే ఫోను మోగితే నాకు ఒళ్ళు మండుతుంది. ఎరువుల కొట్టు తెరిచి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించేదాకా నేను ఎవరితోనూ మాట్లాడను. ఈ సంగతి నరసరావుపేటలో నన్ను ఎరిగిన వాళ్ళందరికీ తెలుసు. అయినా మొన్న మోగింది. సికింద్రాబాదు నుంచి మావాడి, అంటే నా చిన్ననాటి స్నేహితుడి, భార్య.

"ఎంతసేపూ పట్టలేదన్నయ్యా," అంది ఆ అమ్మాయి. "కాఫీ తాగి గ్లాసు కింద పెట్టారు. మళ్ళీ తలెత్తలేదు."

అయ్యో అన్నాను. ఎప్పుడమ్మా అన్నాను. అందరూ అనే మాటలే అన్నాను. కానీ ముందుగా నా నోటిదాకా వచ్చిన మాట వేరు. "వాడికి దేనికి పట్టింది గనకమ్మా ఎంతోసేపు!" అనబోయి, నాలిక కరుచుకుని మింగేశాను. ఫోను పెట్టేశాక ఆ మింగిన మాటే మళ్ళీ గుర్తొచ్చింది. తాళాలగుత్తి చేతిలో పట్టుకుని, కొట్టు అరుగు మీద కూర్చుని, బజారులో పోయేవాళ్ళు చూస్తున్నా సరే అని ఏడ్చాను.

"ఎంతసేపురా" అన్నది వాడి ఊతపదం. ఏ పని చెప్పినా అదే మాట, చెప్పినట్టే ఇట్టే ముగించేవాడు. అన్నం దగ్గర మేం గోంగూర కలుపుకుంటూ ఉండగానే వాడు చెయ్యి కడుక్కుని వచ్చేవాడు. పరీక్ష హాల్లో మేమంతా అడిషనల్ షీట్లు అడుగుతుంటే వాడు బయట గోడ మీద కూర్చుని వేరుశనక్కాయలు వొలుచుకునేవాడు. సినిమాకు తీసుకెళ్తే ఇంటర్వెల్ దాకా ఉంటే మన అదృష్టం. "కథ తెలిసిపోయిందిగా, ఇంకెంతసేపురా?" అని లేచిపోయేవాడు. పెళ్ళిచూపుల్లో అయితే పిల్ల చాప మీద కూర్చోక ముందే "నాకిష్టమేనండీ" అనేశాడు. వాళ్ళమ్మ కాలు తొక్కింది. లాభం లేకపోయింది.

ఇలాంటివాడికి దేవుడు ఏరికోరి ఇచ్చినట్టుగా వంద మీటర్ల ఫ్రీస్టైల్ దొరికింది. నిమిషం అటో ఇటో తేలిపోయే పోటీ అది. ఎనభైల్లో కొన్నేళ్ళ పాటు రాష్ట్రం మొత్తం మీద ఆ పోటీలో వాడిని కొట్టినవాడు లేడు. పల్నాటిలో తాగటానికే నీళ్ళకు కటకట, మీకు ఈతగాడు ఎక్కణ్ణుంచి వచ్చాడయ్యా అని కృష్ణా జిల్లా వాళ్ళు నన్ను అడుగుతుంటారు. అడిగినవాళ్ళను కూర్చోబెట్టి మా కాలవ సంగతి చెబుతాను. వాళ్ళకు పని ఉన్నా సరే వదలను.

మా ఊరు మాచర్లకూ గురజాలకూ మధ్య. ఊరి పక్కనే సాగర్ కాలవ. కాలవకు అవతల నాపరాయి క్వారీలు. ఊళ్ళో సగం కొంపలు క్వారీ పని మీదే బతికేవి. పొద్దున రాయి లారీలు ఖాళీగా పోతూ మనుషులను ఎక్కించుకుని వంతెన మీదుగా అవతలకు చేర్చేవి. సాయంత్రం అవే లారీలు రాయి లోడుతో టౌనుకు వెళ్ళిపోయేవి. వంతెన మీదుగా నడిచి రావాలంటే బోలెడు చుట్టు. అందుకని ఈత వచ్చిన మగవాళ్ళు చొక్కా లుంగీ మూటగట్టి నడుముకు బిగించుకుని, కాలవ ఈదుకుంటూ ఇల్లు చేరేవాళ్ళు. వాడు సెలవు రోజుల్లో వాళ్ళ నాన్నతో పాటు రాయి కొట్టటానికి పోయేవాడు. నేను ఊరికే వాడి వెంట పోయేవాణ్ణి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. క్వారీ బాటకు సరిగ్గా ఎదురుగా ఉండేది ఊరి పెద్ద రేవు. దానికి కొంచెం దిగువన ఆడవాళ్ళ రేవు. నీళ్ళు మన ఎడమ చేతి వైపు నుంచి తోసుకొస్తుంటాయి. ముక్కుసూటిగా ఈదామంటే కాలవ లాక్కుపోయి ఆడవాళ్ళ రేవులో పడేస్తుంది. పెద్ద రేవు మెట్టే ఎక్కాలంటే ఎడమకు, ఎగువకు ఏటవాలుగా పెట్టి, ఊపిరి బిగబట్టి ఒక్క ఊపున కొట్టాలి. నడిమధ్యలో కాస్త సడలినా అంతే సంగతులు. సాయంత్రం వేళ దిగువ రేవులో బట్టలుతికేవాళ్ళు, అంట్లు తోమేవాళ్ళు కాచుకుని ఉండేవాళ్ళు.

"పెళ్ళికొడుకొచ్చాడే! కాళ్ళు కడగండే!" అని కేకలు పెట్టి, చెంబులతో నీళ్ళు మొహాన కొట్టేవాళ్ళు. మర్నాడు ఊరంతా పెళ్ళికొడకా అనే పిలిచేది. నేను ఎన్నిసార్లు పెళ్ళికొడుకునయ్యానో లెక్కలేదు. ఊళ్ళో ఈదేవాళ్ళలో ఆ పేరు తప్పించుకున్నవాడు లేడు, మావాడు ఒక్కడు తప్ప. వాడు ఒక్కసారి కూడా పెద్ద రేవు తప్పలేదు.

దిగువ రేవులో అందరికంటే పెద్ద గొంతు వాళ్ళమ్మదే. మాకు చుట్టరికం ఏమీ లేకపోయినా నేను పెద్దమ్మా అనేవాణ్ణి. మనిషి పొట్టి, నోరు పెద్దది. అందరి పిల్లల మొహాన నీళ్ళు కొట్టి నవ్వీ నవ్వీ, ఎగువన గట్టెక్కి వణుకుతున్న కొడుకు వైపు చూసి కేకేసేది.

"ఒరేయ్! ఊళ్ళో అందరి కొడుకులూ నా కాడికొస్తన్నారు. కన్నకొడుకు ఒక్కడే రాడు. ఒక్కసారన్నా కొట్టుకొని రారా, చేతులు దురద పెడతన్నయ్యి!"

"నీ రేవుకు రావాలంటే నా రెక్కలు పడిపోవాలమ్మా!" అని వాడు అక్కడి నుంచే అరిచేవాడు. పిల్లవాడి పొగరు చూసి ఆవిడకు మురిపెం. పైకి మాత్రం శాపనార్థాలు పెట్టేది.

ఏళ్ళ తరబడి అట్లా ఈదీ ఈదీ వాడి ఒళ్ళు ఎడమకు అలవాటు పడిపోయింది. నేల మీద కూడా ఎడమ భుజం ముందుకు పెట్టి, ఎడమకు జరుగుతూ నడిచేవాడు. వాడికి ఎడమ పక్కన నడిచినవాణ్ణి మెల్లగా బాట దింపి, ముళ్ళకంపలోకి తోసి గాని వదిలేవాడు కాదు. "సరిగ్గా నడిచి చావరా" అని నేను తిడితే, "నేను సరిగ్గానే పోతన్నా, నువ్వే అడ్డమొస్తన్నావు" అనేవాడు. వాడికి నిజంగానే తెలియదు.

మేం డిగ్రీ చదివేటప్పుడు మా కాలేజీ పీడీ గారు కబడ్డీ కుర్రాళ్ళను ఏరుకోవటానికి మా ఊరు వచ్చారు. ఆయనది ఎడ్లపాడు వైపు. పెద్ద బొజ్జ, అంతకంటే పెద్ద విజిల్. సాయంత్రం కాలవ గట్టు మీద టీ తాగుతూ వాణ్ణి చూశారు.

"ఎవడ్రా వాడు? మోటారేమన్నా బిగించుకున్నాడా?" అన్నారు. ఆయనకు ఈత రాదు. అయినా ఆ నెలలోనే కాలేజీల పోటీలకని వాణ్ణి బెజవాడ తీసుకెళ్ళారు. తోడుగా నేను.

వాడు స్విమ్మింగ్ పూల్ చూడటం అదే మొదలు. ముందు వంగి, నీళ్ళు దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. "మందు కలిపార్రా," అన్నాడు. తర్వాత అడుగు వైపు చూసి బిత్తరపోయాడు. మా కాలవలో అడుగు కనపడదు. పోటీకి పిలవగానే మొలలో దోపుకున్న పచ్చిమిరపకాయ తీసి సగం కొరికాడు. ఒంటికి వేడి పుడుతుందని వాడి నమ్మకం. పక్కన గ్లూకోజు తాగుతున్న పిల్లలు వింతగా చూశారు. అందరికీ ఈత చెడ్డీలు, మావాడికి గళ్ళ డ్రాయరు.

విజిల్ ఊదారు. నాలుగో లైనులో దూకాడు. దూకటం దూకటమే అందరికంటే ముందుకు పోయాడు. నేను, పీడీ గారు చేతులు పట్టుకుని ఎగిరాం. సగం దూరం వెళ్ళేసరికి మా ఎగురుడు ఆగిపోయింది. వాడు ఎడమకు పోతున్నాడు. తాడు కిందుగా దూరి ఐదో లైనులోకి వెళ్ళాడు. అక్కడ ఈదుతున్న పిల్లవాడి నడుం మీద ఒక చెయ్యి పడింది. ఆ పిల్లవాడు గావుకేక పెట్టాడు. మావాడు మాత్రం తలెత్తి చూడకుండా కొట్టుకుంటూ పోయి, అందరికంటే ముందు గోడ అంటుకున్నాడు. వేరేవాడి లైనులో. పైగా రెండు చేతులూ పైకెత్తి మా వైపు చూసి నవ్వుతున్నాడు.

నువ్వు పనికిరావు పొమ్మని ఆ పోటీ పెద్దాయన చెబితే వాడు ఒప్పుకోలేదు. "నేను తిన్నగానే వచ్చా సార్. నీళ్ళే రాలేదు," అన్నాడు. మళ్ళీ నా వైపు తిరిగి, "ఇక్కడ నీళ్ళు పారవేందిరా?" అన్నాడు దిగులుగా. చుట్టూ ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. నాకు వాళ్ళందరినీ తీసుకొచ్చి మా కాలవలో తొయ్యాలనిపించింది.

 తిరుగు ప్రయాణంలో, నరసరావుపేట బస్టాండులో టీ గ్లాసు చేతికి వచ్చాక పీడీ గారు అన్నారు.

"కాలవ మానెయ్. రాష్ట్రంలో గెలిస్తే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చిద్ది. మీ నాన్న దగ్గు చూశాను. నువ్వు కూడా అదే క్వారీలో అట్టానే దగ్గాలంటే నీ ఇష్టం. కాలవలో దిగావా, మళ్ళీ ఎడమకే పోతావు. రెండూ కుదరవు."

వాడు టీ తాగటం మానేసి చాలాసేపు గ్లాసులోకి చూశాడు. వాడు దేనికైనా అంతసేపు ఆలోచించటం నేను చూడటం అదే మొదటిసారి.

క్వారీల్లో రాయి తవ్వి వదిలేసిన పాత గుంట ఒకటి ఉంది, నిండా నీళ్ళతో. కదలని నీళ్ళు. పీడీ గారు ఆ గుంటకు ఆ చివర నుంచి ఈ చివరకు రెండు కొబ్బరితాళ్ళు కట్టించి, వాటికి ఖాళీ నూనె డబ్బాలు వేలాడదీశారు. ఒక్కో డబ్బాలో గుప్పెడు గులకరాళ్ళు. ఆ రెండు తాళ్ళ మధ్యనే ఈదాలి. ఎడమకు పోయాడంటే డబ్బాలు గోల పెడతాయి. ఆయనకు నీళ్ళంటే భయం కాబట్టి అంచుకు దూరంగా నిలబడి, మోత వినపడినప్పుడల్లా "డబ్బా!" అని అరిచేవారు. ఆ అరుపు రాళ్ళకు తగిలి మళ్ళీ మా చెవుల్లో పడేది. మొదట్లో ఆ గుంట దగ్గర పెళ్ళి బాజా మోగినట్టే ఉండేది.

ఒకసారి రాతి మీద తల తుడుచుకుంటూ వాడు నన్ను అడిగాడు.

"ఇది పోతే ఎట్టారా?"

"ఏది?"

"ఈ ఎడమ. నేను నేర్చుకుందల్లా ఇదొక్కటే. ఇదికూడా పోతే మన రేవుకు ఎట్టా చేరతాను?"

"ఉద్యోగమొస్తే రేవుతో నీకేం పనిరా? వంతెన మీదుగా జీపులో వచ్చెయ్," అన్నాను నేను. వాడు నవ్వలేదు. లేచి మళ్ళీ నీళ్ళలో దూకాడు.

అప్పటి నుంచి వాడు వంతెన మీదుగానే నడిచి ఇంటికి వచ్చేవాడు. దిగువ రేవులో వాళ్ళమ్మ దెప్పేది. "నా కొడుకు ఇప్పుడు దొరమ్మా. కాళ్ళు తడవకుండా వస్తాడు," అని. ఉద్యోగం కోసమని ఆవిడకూ తెలుసు. అయినా సాయంత్రం అయ్యేసరికి చూపు పెద్ద రేవు వైపే పోయేది.

వేసంగి ముదిరేనాటికి ఒక సాయంత్రం వాడు గుంట ఆ చివరకు పోయి, తిరిగి ఈ చివరకు వచ్చాడు. ఒక్క డబ్బా పలకలేదు. పీడీ గారు రాతి మీద చతికిలబడి కళ్ళజోడు తుడుచుకున్నారు. ఇంటికి నడిచి వస్తూ కబుర్లలో పడి నేను గమనించలేదు గాని, ఊరి మొదట్లోకి వచ్చాక తెలిసింది. అంత దూరమూ వాడి ఎడమ పక్కనే నడిచాను. ముళ్ళకంప నన్ను గీరలేదు. సంతోషించాల్సింది పోయి నాకు ఎందుకో దిగులు పుట్టింది.

ఆ తర్వాతది అందరికీ తెలిసిందే. కాలేజీల పోటీల్లో గెలిచాడు. హైదరాబాదులో రాష్ట్రం పోటీల్లో గెలిచాడు. దానికి నేనూ వెళ్ళాను. గోడ అంటుకోగానే మిగతావాళ్ళంతా గడియారం పట్టుకున్న ఆయన వైపు చూస్తుంటే, మావాడు ముందు కుడి పక్క తాడు చూసుకున్నాడు, తర్వాత ఎడమ పక్క తాడు చూసుకున్నాడు. రెండూ ఉన్నాయి. తన లైనులోనే ఉన్నాడు. అప్పుడు గాని గెలిచానా లేదా అని తల తిప్పలేదు. ఆ తర్వాత ఎన్ని పోటీలు గెలిచినా ఆ అలవాటు పోలేదు. పేపర్లో పడిన ఫొటోల్లో కూడా వాడు పక్కకే చూస్తుంటాడు. ఏందయ్యా మీవాడు కెమెరా వైపు చూడడు అని అడిగేవాళ్ళు.

సికింద్రాబాదులో ఉద్యోగం వచ్చింది. నాన్నకు క్వారీ మానిపించాడు. వరసగా గెలుస్తూనే ఉన్నాడు. మా ఊళ్ళో వాడి పేరే పోయి 'ఛాంపియన్' అయి కూర్చుంది. పండక్కో పబ్బానికో ఊరొస్తే జనం చుట్టూ మూగేవాళ్ళు. "ఛాంపియనూ, ఒక్కసారి దిగు, చూస్తాం," అనేవాళ్ళు. వాడు జలుబనేవాడు. భుజం నొప్పనేవాడు. భోంచేశాననేవాడు. రెండేళ్ళు నమ్మారు. మూడో ఏడు నమ్మటం మానేశారు.

"మన నీళ్ళు పడటంలేదులే దొరగారికి," అన్నారు.

నాకు నిజం ఒకసారి చెప్పాడు, రేవు మెట్ల మీద కూర్చుని. "గర్వం కాదురా. ఇప్పుడు దిగితే యాడ తేలతానో నాకు తెలుసు. ఊళ్ళో నాకున్న పేరల్లా ఒకటే కదా, దిగువ రేవుకు పోనోడని. పతకాలు వాళ్ళు చూశారా, పెట్టారా? అదికూడా పోగొట్టుకోమంటావా?"

దిగటం మానుకోమన్నాను.

చివరికి ఒక కుర్రవాడు వాణ్ణి ఓడించాడు. పోటీలు మానేశానని చెప్పటానికి ఆ ఏడు కాలవ నిండుగా పారే రోజుల్లో ఊరు వచ్చాడు. వచ్చిన రోజునే దిగువ రేవులో ఎవరో వాళ్ళమ్మను అన్నారట. "నీ కొడుక్కి అద్దం లాంటి నీళ్ళు అలవాటయినయ్యి. మన బురదలో కాలు పెడతాడా?" అని. ఎవరికైనా ఎదురు సమాధానం చెప్పే మనిషి ఆ రోజు అంట్లు బుట్టలో వేసుకుని ఇంటికి వచ్చేసింది. నేను అప్పుడు వాళ్ళింట్లోనే ఉన్నాను.

"నువ్వు ఛాంపియనువో కాదో నాకేం ఎరికరా?" అంది కొడుకుతో. "నేను చూశానా? అందరూ చూశారంట. నేను మాత్రం నువ్వు నీళ్ళలో దిగంగా చూసి ఎన్నేళ్ళయ్యిందో. ఆ రేవులో తలెత్తుకోలేకపోతన్నా."

 ఆవిడ బుట్టలో అంట్లు ఒక్కొక్కటే తీసి గోడకు బోర్లించింది. చప్పుడు కాకుండా బోర్లించింది. నాకు అదే భయం వేసింది.

మర్నాడు పొద్దున వాడు రాయి లారీ ఎక్కి క్వారీకి వెళ్ళాడు, పాతవాళ్ళను పలకరించి వస్తానని. సాయంత్రం నేను పెద్ద రేవులో నిలబడి ఉన్నాను. అవతలి గట్టు మీద మనుషులు కనపడ్డారు. వాళ్ళ మధ్య వాడు చొక్కా విప్పుతున్నాడు.

"ఛాంపియన్ దిగుతున్నాడోయ్!" అని ఎవరో అరిచారు. ఊరు ఊరంతా గట్టు ఎక్కింది.  వద్దురా అని అరవాలనుకున్నాను. అవతలికి వినపడదు.

దూకాడు. అబ్బ, ఆ ఈత! అంత అందంగా మా కాలవలో ఎవరూ ఈదలేదు. నీళ్ళు చెదరలేదు. చెయ్యి వెంట చెయ్యి, తాడు పట్టి గీసినట్టు తిన్నగా. ఒక్క పిసరు ఎడమకు పోలేదు. పీడీ గారి డబ్బాలు అక్కడ ఉన్నా పలికేవి కావు. వాడు తిన్నగా ఈదుతున్నాడు, కాలవ వాణ్ణి తన దారిన తాను దిగువకు తీసుకుపోతోంది. నడిమధ్యకు వచ్చేసరికి గట్టు మీద అందరికీ అర్థమైంది. కేకలు ఆగిపోయాయి. నేను గట్టు వెంట దిగువకు పరిగెత్తాను.

వాడు దిగువ రేవు మెట్టు అంటుకుని, నడుంలోతు నీళ్ళలో లేచి నిలబడ్డాడు. రొప్పుతూ, అలవాటు ప్రకారం ముందు కుడి పక్క చూశాడు. తర్వాత ఎడమ పక్క చూశాడు. అటు చూస్తే అంట్లు, ఇటు చూస్తే నానబెట్టిన దుప్పట్లు. మొహం తెల్లబోయింది. ఆడవాళ్ళు ఎవరూ నోరెత్తలేదు. ఛాంపియన్‌ను ఏమని ఏడిపిస్తారు? ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

వాళ్ళమ్మ చేతిలో చెంబు ఉంది. మెట్లు దిగి వచ్చింది. నీళ్ళు ముంచి, ఫెడీమని వాడి మొహాన కొట్టింది.

"పెళ్ళికొడుకొచ్చాడే! కాళ్ళు కడగండే!" అంది. సగం నవ్వు, సగం ఏడుపు.

ఇక చూడాలి. రేవులో ఉన్న ప్రతి చెంబూ లేచింది. గట్టు మీద మగవాళ్ళు ఈలలు వేశారు. వాడు రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, ఉక్కిరిబిక్కిరవుతూ, పగలబడి నవ్వాడు. హైదరాబాదులో గెలిచినప్పుడు కూడా వాడు అట్లా నవ్వలేదు, నేను అక్కడే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

మెట్టు మీద కూర్చోబెట్టి ఆవిడ పైటకొంగుతో వాడి తల తుడిచింది.

"ఎంతసేపమ్మా," అన్నాడు వాడు రొప్పుతూనే. "ఇదిగో, వచ్చేశాగా."

"చానాసేపు చేశావురా నాయనా," అంది ఆవిడ, తుడుస్తూనే.